తేనెలో దొరికిన సబ్బు

కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్ళలో నానేసి పిసికితే నురగ వస్తుందని మనలో చాలామందికి తెలుసు. ఆ రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో కూడా తెలుసు. కానీ చెట్టుకి తలంటుతో పనేంటి? దాని కాయలో సబ్బు ఎందుకుంది? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే చెట్టు దగ్గర ఆగదు. కంటికి కనబడని ఈస్ట్ కూడా సబ్బు లాంటి పదార్థం తయారు చేస్తుంది. అది కూడా ఏదో చుక్కా బొట్టూ కాదు, తన ఒంటి బరువుకి ఎన్నో రెట్లు. దాని పేరు సోఫరోలిపిడ్.

ముందే చెప్పేస్తున్నా, నేను సీఎస్‌ఈ. బయాలజీ టెన్త్‌తో సరి. బయోటెక్ ఫైనలియర్‌లో ఉన్న అక్క ఒకామె తన ప్రాజెక్టు డేటాకి గ్రాఫ్ గీసే కోడ్ రాసిపెట్టమని అడిగింది. షీట్‌లో రెండే కాలమ్‌లు. ఒకటి గాఢత, రెండోది సర్ఫేస్ టెన్షన్. "ఈ గీత ఎక్కడ విరుగుతోందో చెప్పు, చాలు" అంది. గీత అసలు ఎందుకు విరగాలి అని అడిగినందుకు క్యాంటీన్‌లో గంటసేపు క్లాసు పీకింది. ఆ క్లాసూ, ఆ తర్వాత నేను చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

సర్ఫేస్ టెన్షన్‌ని తెలుగు మీడియం పుస్తకాల్లో తలతన్యత అంటారు. ఈ మాట నాకు మా కజిన్ దగ్గర దొరికింది. తల అంటే ఇక్కడ ఉపరితలం. తన్యత అంటే లాగి బిగించినట్టుండే గుణం. ఇంగ్లిష్‌లో ఏళ్ళ తరబడి బట్టీ పట్టినా ఎక్కని సంగతి ఈ ఒక్క మాటతో ఎక్కింది. నీళ్ళ లోపలున్న అణువుకి చుట్టూ చుట్టాలే, అన్ని వైపుల నుంచీ లాగుతారు. పైన అంచులో ఉన్న అణువుకి పక్కనా కిందా తప్ప పైన ఎవరూ లేరు. అందుకని పైపొర బిగుసుకుంటుంది. తామరాకు మీద నీటిబొట్టు ముత్యంలా గుండ్రంగా ఉండటంలో ఈ బిగువుదీ సగం పాత్ర. గది వేడిలో నీళ్ళ తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లు. ఇక్కడి నుంచి ఆ యూనిట్ పేరు వదిలేసి అంకె మాత్రమే చెప్తాను.

సర్ఫాక్టెంట్ అంటే ఆ బిగువుని సడలించే అణువు. దానికి ఒక తల, ఒక తోక. తలకి నీళ్ళంటే ఇష్టం, తోకకి నూనె అంటే ఇష్టం. నీళ్ళలో వేస్తే తోకలు నీళ్ళు భరించలేక పైకి చేరి, గాలిలోకి తోక పెట్టి నిలబడతాయి. దాంతో నీళ్ళ పైపొర వదులవుతుంది. ఇంకా ఇంకా వేస్తూ పోతే పైన చోటు అయిపోతుంది. అప్పుడు మిగిలినవి నీళ్ళ మధ్యలోనే తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి పెట్టుకుని గుంపులు కడతాయి. ఆ గుంపుల్ని మిసెల్ అంటారు. జిడ్డుని లోపల దాచుకుని కడిగేసేవి ఇవే. ఇవి మొదలయ్యే గాఢతే సీఎంసీ. అక్క గీత విరిగే చోటు అదే. అంతవరకూ గాఢత పెరిగే కొద్దీ తలతన్యత జారుతూ వస్తుంది. ఆ తర్వాత ఎంత వేసినా పెద్దగా కదలదు.

మనం కొనే సర్ఫాక్టెంట్లలో చాలా భాగం పెట్రోలియం నుంచో, పామ్ కెర్నల్, కొబ్బరి నూనెల నుంచో వస్తాయి. సీసా మీద "ప్లాంట్ బేస్డ్" అని ఆకు బొమ్మ వేసినా, చాలాసార్లు తోక ఒక్కటే మొక్కది. దానికి తలని ఫ్యాక్టరీలో రసాయనాలతో అతికిస్తారు. అదేం నేరం కాదు. కానీ ఈస్ట్ చేసేది వేరే పని. తల, తోక, వాటి మధ్య అతుకు, అన్నీ 30 డిగ్రీల దగ్గర, నీళ్ళలో, అదే చేసుకుంటుంది. ఒకే ఆకు బొమ్మ ఈ రెండింటి మీదా వేస్తున్నారు, నాకు చిరాకు అక్కడే.

అలాగని సహజం అన్నదల్లా మంచిదని కూడా కాదు. కుంకుడులో ఉండే సాపోనిన్లు చేపలకి విషం. కుంకుడు నలిపి నీళ్ళలో కలిపి చేపలకి మత్తెక్కించి పట్టే పద్ధతి పాతదే. అటు ఫ్యాక్టరీ సరుకంతా ఒకటే అనడానికీ లేదు. 1950ల్లో అమెరికా, యూరప్ నదుల మీద డిటర్జెంట్ నురగ గుట్టలు కట్టింది. కారణం వెతికితే, అప్పటి డిటర్జెంట్ తోకకి కొమ్మలున్నాయి, నీళ్ళలోని బ్యాక్టీరియా ఆ కొమ్మల దగ్గర ఆగిపోయి తోకని తినలేకపోయింది. 1960ల మధ్యలో కొమ్మల్లేని తిన్నటి తోకకి మారారు. ఇప్పుడు మన బట్టల పౌడర్లలో ఉండేది ఆ తిన్నటి తోకే. గాలి ఆడే నీళ్ళలో అది బాగానే విరిగిపోతుంది. మురుగుతో నిండి ఆక్సిజన్ లేని నీళ్ళలో మాత్రం విరగదు. మూసీ మీదా, బెంగళూరు బెల్లందూరు చెరువు మీదా కనబడే నురగకి డిటర్జెంట్లు ఒక కారణం. శుద్ధి చేయని మురుగు అంతకంటే పెద్ద కారణం. సర్ఫాక్టెంట్ మార్చేస్తే చెరువు బాగుపడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ మార్చదగ్గది ఉంటే అదేంటో తెలుసుకోవాలి కదా.

ఇక ఈస్ట్ సంగతి. 1961లో కెనడాలోని సాస్కటూన్‌లో ప్రెయిరీ రీజనల్ లేబొరేటరీ అనే ప్రభుత్వ ల్యాబులో గోరిన్, స్పెన్సర్, టల్లక్ అనే ముగ్గురు ఒక ఈస్ట్ బయటికి వదులుతున్న కొత్త పదార్థాన్ని విడగొట్టి చూశారు. చక్కెరకి ఫ్యాటీ యాసిడ్ అతుక్కుని ఉంది. తర్వాత వాళ్ళే బంబుల్ బీ తేనెలో దొరికిన ఒక ఈస్ట్ కూడా ఇదే చేస్తుందని చూసి, 1970లో దానికి టొరులాప్సిస్ బాంబికోలా అని పేరు పెట్టారు. బంబుల్ బీ అంటే మన తేనెటీగకి చుట్టం, కాస్త బొద్దుగా, ఒంటినిండా నూగుతో ఉంటుంది. చలి దేశాల్లో ఎక్కువ. బాంబికోలా అంటే ఆ ఈగ దగ్గర కాపురముండేది అని అర్థం. ఆ తర్వాత ఈ ఈస్ట్‌ని క్యాండిడా బాంబికోలా అన్నారు. 1998 నుంచి స్టార్మెరెల్లా బాంబికోలా అంటున్నారు. పాత పేపర్లు వెతికేటప్పుడు మూడు పేర్లతోనూ వెతకాలి. వేరియబుల్ పేరు మార్చి డాక్యుమెంటేషన్ మార్చకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది వ్యవహారం.

దీని బుద్ధులు విచిత్రం. మామూలుగా ఈస్ట్ అంటే గ్లూకోజ్ మీద పడుతుంది. ఇది గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ పక్కపక్కన పెడితే ముందు ఫ్రక్టోజ్ తింటుంది. తేనె, మకరందం ఉండే చోట పుట్టి పెరిగిన జీవి మరి.

సోఫరోలిపిడ్‌లో తల సోఫరోస్ అనే చక్కెర. రెండు గ్లూకోజ్‌లు అతుక్కుంటే అది. సోఫోరా అనే చెట్టులో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు. తోక సాధారణంగా 18 కార్బన్ల ఒలేయిక్ యాసిడ్. ఒలేయిక్ యాసిడ్ అంటే మన వేరుశనగ నూనెలో దండిగా ఉండేదే. ఇక్కడొక తమాషా ఉంది. మామూలు సబ్బులో ఫ్యాటీ యాసిడ్‌కి యాసిడ్ ఉన్న కొసే తల అవుతుంది. ఈస్ట్ మాత్రం చక్కెరని రెండో కొసకి కడుతుంది. అంటే ఒక కొసన చక్కెర, ఇంకో కొసన యాసిడ్, మధ్యలో జిడ్డు తోక. దీన్ని యాసిడ్ రూపం అంటారు. ఒక్కోసారి ఆ యాసిడ్ కొస వంగి వచ్చి చక్కెరకే అతుక్కుని ఉంగరంలా మూసుకుంటుంది. అది లాక్టోన్ రూపం. యాసిడ్ రూపం నీళ్ళలో బాగా కరుగుతుంది, కాస్త ఎక్కువ నురగ ఇస్తుంది. లాక్టోన్ నీళ్ళలో అంతగా కరగదు కానీ తలతన్యతని ఎక్కువ తగ్గిస్తుంది, కొన్ని రకాల బ్యాక్టీరియాని కూడా అణుస్తుంది. ఒకే ఫ్లాస్కులో రెండూ కలిసే పుడతాయి.

ఈస్ట్ లోపల జరిగేది నాకు అచ్చం ఫంక్షన్ల పైప్‌లైన్‌లా అనిపించింది. బయట ఉన్న నూనెని ఒక ఎంజైమ్ ఫ్యాటీ యాసిడ్లుగా విరగ్గొడుతుంది. లోపలికి వచ్చిన ఫ్యాటీ యాసిడ్ చివరన ఇంకో ఎంజైమ్ ఒక ఆక్సిజన్ తగిలించి కొక్కెం చేస్తుంది. ఆ కొక్కేనికి మూడో ఎంజైమ్ ఒక గ్లూకోజ్ తగిలిస్తుంది. ఆ గ్లూకోజ్‌కి నాలుగోది రెండో గ్లూకోజ్ తగిలిస్తుంది. ఐదోది చక్కెర మీద రెండు అసిటైల్ గుంపులు పెడుతుంది. తర్వాత గేటు లాంటి ఒక ప్రోటీన్ దాన్ని బయటికి తోసేస్తుంది. బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో చూపించిందేమిటంటే, కొక్కెం నుంచి గేటు దాకా ఈ ఎంజైమ్‌ల జీన్లు ఒకే చోట పక్కపక్కన ఉన్నాయి. ఒకే ఫైల్‌లో రాసిన కోడ్ లాగా. ఉంగరం మూసే ఎంజైమ్ మాత్రం ఆ వరసలో లేదు. అది వేరే చోట దొరికింది. పని కూడా కణం బయట, నీళ్ళలో చేస్తుంది. నీళ్ళ మధ్యలో ఉంటూ నీటి అణువుని బయటికి తీసి అతుకు వేయడం కొంచెం ఎదురీత లాంటిదే.

ఇలా తెలిశాక ఏ ఫంక్షన్ కామెంట్ చేస్తే ఏం వస్తుందో చూడటం మొదలైంది. ఉంగరం మూసే జీన్ తీసేస్తే అంతా యాసిడ్ రూపమే. దాన్నే ఎక్కువ చేస్తే దాదాపు అంతా లాక్టోనే. రెండో గ్లూకోజ్ జీన్ తీసేస్తే ఒకే గ్లూకోజ్ ఉన్న కొత్త సరుకు. రసాయనాలతో ఇంత నిక్కచ్చిగా ఒక్క చోటే మార్పు చేయడం చాలా కష్టం.

అసలు ఈస్ట్‌కి ఇదంతా ఎందుకు? తలంటు ప్రశ్నే మళ్ళీ. రెండు కారణాలు చెప్తారు. ఒకటి, తీపి ఉన్న చోటికి అందరూ వస్తారు. పక్కవాడికి అరగనిదీ, వాణ్ని కాస్త ఇబ్బంది పెట్టేదీ అయిన పదార్థంగా ఆ తీపిని మార్చి పెట్టుకుంటే పోటీ తగ్గుతుంది. రెండు, దాచుకోవడం. తిండి అయిపోయాక ఈ ఈస్ట్ తను చేసిన సోఫరోలిపిడ్‌నే మెల్లగా తినడం ల్యాబుల్లో చూశారు. మనం గాదెలో ధాన్యం పోసుకున్నట్టు. కాకపోతే గాదె ఇంటి బయట ఉంది.

ల్యాబులో తయారు చేయడానికి వంటకం కష్టం కాదు. పేపర్లలో ఎక్కువగా కనబడేది ఇది: లీటరు నీళ్ళలో 100 గ్రాముల గ్లూకోజ్, 10 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, ఒక గ్రాము యూరియా, పైన 100 గ్రాముల నూనె. 28, 30 డిగ్రీల దగ్గర షేకర్‌లో వారం రోజులు. ఇందులో కిటుకంతా ఆ ఒక్క గ్రాము యూరియాలో ఉంది. నైట్రోజన్ ఉన్నంతసేపూ ఈస్ట్ పిల్లల్ని పెట్టుకుంటూ పోతుంది. రోజు, రెండు రోజుల్లో నైట్రోజన్ అయిపోతుంది. కొత్త కణాలు కట్టడానికి ప్రోటీన్ కావాలి, ప్రోటీన్‌కి నైట్రోజన్ కావాలి, అది లేదు. కానీ చక్కెరా నూనే కుప్పలుగా ఉన్నాయి. అప్పుడు మొదలవుతుంది అసలు పని. యూరియా ఎక్కువ వేస్తే ఈస్ట్ బలుస్తుంది, సరుకు తగ్గుతుంది. మొదట 6 దగ్గర ఉన్న పీహెచ్ 3.5 దాకా పడిపోతుంది, అక్కడే ఉంచితే దానికి హాయి. ఊపిరి మాత్రం బాగా కావాలి. కొక్కెం చేసే ఎంజైమ్‌కి ఆక్సిజనే ముడిసరుకు.

షేకర్ ఆపితే ఫ్లాస్కు అడుగున గోధుమరంగులో చిక్కగా దిగుతుంది. చూడటానికి బెల్లం పాకం, లేదా తేనె. తేనెలో దొరికిన ఈస్ట్ తేనె లాంటిదే ఇచ్చిందని అక్క అంటే నవ్వొచ్చింది. నీళ్ళకంటే బరువు కాబట్టి అడుగుకి చేరుతుంది. మిగిలిపోయిన నూనెని హెక్సేన్‌తో కడిగేస్తారు. సోఫరోలిపిడ్‌ని ఇథైల్ అసిటేట్‌లోకి లాగుతారు. ఆ ద్రావణిని ఆవిరి చేస్తే సరుకు మిగులుతుంది.

ఇక్కడితో "బయోసర్ఫాక్టెంట్ తయారైంది" అని రిపోర్టు రాసేయొచ్చు. చాలా స్టూడెంట్ ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయట. కానీ ఫ్లాస్కులో వచ్చింది నిజంగా సోఫరోలిపిడ్ అని ఎలా తెలుసు? నాకు ఈ మొత్తం కథలో నచ్చిన భాగం ఇదే, ఎందుకంటే ఇది డీబగ్గింగ్.

మొదటి పరీక్షలు ఇంట్లో కూడా చేసుకునేంత సులువు. పళ్ళెంలో నీళ్ళు పోసి పైన కొంచెం ఇంజిన్ ఆయిల్ వేస్తే పల్చగా పరుచుకుంటుంది. మధ్యలో మన శాంపిల్ ఒక చుక్క వేయాలి. సర్ఫాక్టెంట్ ఉంటే నూనె గుండ్రంగా పక్కకి జరిగి మధ్యలో ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఇంకోటి, జిడ్డు రాసిన పలక మీద చుక్క వేసి చూడటం. మామూలు నీటిచుక్క గుండ్రంగా నిలబడుతుంది, సర్ఫాక్టెంట్ ఉన్నది చతికిలబడుతుంది.

మూడోది ఎమల్సిఫికేషన్ ఇండెక్స్. కిరోసిన్, శాంపిల్ సమానంగా టెస్ట్‌ట్యూబులో పోసి రెండు నిమిషాలు గట్టిగా కలిపి, 24 గంటలు వదిలేస్తారు. కలిసిపోయి తెల్లగా ఉన్న పొర ఎత్తుని మొత్తం ఎత్తుతో భాగించి శాతం రాస్తారు. సోఫరోలిపిడ్‌కి ఈ పరీక్షలో గొప్ప మార్కులు రాకపోవచ్చు. తలతన్యత తగ్గించడం ఒక పని, నూనెనీ నీళ్ళనీ కలిపి అలాగే పట్టి ఉంచడం ఇంకో పని. ఇది మొదటి పనిలో దిట్ట, రెండోదాంట్లో అంతంతమాత్రం అని 1984లోనే కూపర్, ప్యాడక్ అనే ఇద్దరు రాశారు. మనకి నురగ చూసి సబ్బుని మెచ్చుకునే అలవాటు ఉన్నట్టే, ల్యాబుల్లో ఈ శాతం చూసి మెచ్చుకునే అలవాటు ఉంది. నురగ వేరు, జిడ్డు వదలడం వేరు. సోఫరోలిపిడ్ తక్కువ నురగ ఇస్తుంది కాబట్టే గిన్నెలు తోమే మెషీన్లకి నప్పింది. జపాన్‌లో సరయా అనే కంపెనీ 2001లోనే అలాంటి ఉత్పత్తి తెచ్చింది.

ఇక తలతన్యత కొలవడం. పల్చటి ప్లాటినం ఉంగరాన్ని ద్రవంలో ముంచి మెల్లగా పైకి లాగుతారు. పైపొర దాన్ని వదలకుండా పట్టుకుంటుంది. తెగేముందు ఎంత బలం పట్టిందో కొలుస్తారు. సోఫరోలిపిడ్ కలిపితే 72 ఉన్నది 30, 40 మధ్యకి దిగుతుంది. సీఎంసీ లీటరుకి 40 నుంచి 100 మిల్లీగ్రాముల ప్రాంతం అని ఎక్కువ పేపర్లు చెప్తాయి. పోల్చడానికి, ల్యాబుల్లో అందరికీ తెలిసిన సోడియం డోడెసిల్ సల్ఫేట్‌కి అది సుమారు 2,300 మిల్లీగ్రాములు. అంటే ఈస్ట్ సరుకు ఎన్నో రెట్లు తక్కువ మోతాదులోనే మిసెల్స్ కడుతుంది.

నా కోడ్ చేసే పని ఇంతే. గాఢతకి లాగ్ తీసుకుని, ఒక్కో పాయింట్ దగ్గరా విరుపు ఉందనుకుని ఎడమవైపు ఒక సరళరేఖ, కుడివైపు ఒక సరళరేఖ గీసి, రెండింటి తప్పూ కలిపి ఎక్కడ తక్కువగా వస్తే అక్కడ విరుపు అని ఒప్పుకుంటుంది. రెండు రేఖలూ కలిసే చోటు సీఎంసీ. ఇరవై లైన్లు. కానీ అక్క డేటాలో విరుపు పదునుగా లేదు, మోచేయి వంచినట్టు గుండ్రంగా ఉంది. యాసిడ్, లాక్టోన్ కలిసి ఉన్నప్పుడు అలాగే ఉంటుందట. ఇంకోటి కూడా చెప్పింది. విరిగే చోట గీత కిందికి చిన్న గుంటలా దిగి మళ్ళీ పైకి లేస్తే శాంపిల్‌లో ఇంకేదో సర్ఫాక్టెంట్ కలిసినట్టు అనుమానించాలి. ఆ గుంటని కోడ్‌తో సాపు చేసేస్తే గ్రాఫ్ అందంగా వస్తుంది, నిజం పోతుంది. అందుకే స్మూతింగ్ పెట్టలేదు.

ఆ "ఇంకేదో" ఎవరన్నది ముఖ్యం. ఒలేయిక్ యాసిడ్ కూడా తలా తోకా ఉన్నదే! మనం పోసిన నూనె విరిగి, హెక్సేన్ కడుగుకి చిక్కకుండా మిగిలితే, తలతన్యత దానివల్ల కూడా పడిపోతుంది. నూనె వలయం పరీక్ష కూడా పాసైపోతుంది. పైగా తూకంలో కూడా అది సోఫరోలిపిడ్ కింద జమ అవుతుంది. కాబట్టి "లీటరుకి ఇన్ని గ్రాములు వచ్చింది" అనే అంకె చూసినప్పుడు, అది తూకం వేసిన అంకెనా, విడదీసి కొలిచిన అంకెనా అని అడగాలి. ఈస్ట్ వేయకుండా మిగతావన్నీ పోసిన ఒక ఫ్లాస్కుని పక్కన పెట్టుకోవడం కూడా ఇందుకే.

విడదీయడానికి సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టి, 65:15:2 పాళ్ళలో క్లోరోఫాం, మిథనాల్, నీళ్ళు కలిపిన ద్రావణిలో నిలబెడతారు. ఉంగరం మూసుకున్న లాక్టోన్ పైకి పాకుతుంది. యాసిడ్ రూపం కిందే ఆగుతుంది. ఆంత్రోన్ చల్లి వేడి చేస్తే చక్కెర ఉన్న మచ్చలు రంగు తేలతాయి. మిగిలిపోయిన ఒలేయిక్ యాసిడ్‌లో చక్కెర లేదు కాబట్టి అది ఆంత్రోన్‌కి పలకదు. దొంగ దొరికినట్టే. ఇన్‌ఫ్రారెడ్‌లో 1740 దగ్గర శిఖరం కనబడితే ఎస్టర్ అతుకు ఉన్నట్టు. కానీ నూనెలో కూడా ఎస్టర్ అతుకులే, దీన్నొక్కదాన్నే నమ్మి సంతకం పెట్టకూడదు.

అసలు సాక్ష్యం మాస్ స్పెక్ట్రోమెట్రీ. అణువు బరువు తూచేస్తుంది. ఇందులో లెక్క ఎంత ముద్దొస్తుందో చూడండి. కొక్కెం ఉన్న ఒలేయిక్ యాసిడ్ బరువు 298. సోఫరోస్ 342. రెండూ అతికినప్పుడు ఒక నీటి అణువు, అంటే 18, బయటికి పోతుంది. 298 + 342 − 18 = 622. ఇది అసిటైల్ లేని యాసిడ్ రూపం. ఒక్కో అసిటైల్‌కి 42 కలపాలి. రెండు పెడితే 706. ఉంగరం మూసుకుంటే ఇంకో నీటి అణువు పోతుంది కాబట్టి 688. మెషీన్‌లో సోడియం అంటుకుని వస్తే 23 కలిపి 711. అంటే స్పెక్ట్రంలో 711 దగ్గర గీత లేచిందంటే, రెండు అసిటైల్స్ ఉన్న, మూసుకున్న, 18 కార్బన్ల లాక్టోన్‌కి సరిపోయే బరువు దొరికినట్టు. పైప్‌లైన్‌లో ప్రతి ఫంక్షన్ నడిచిందా లేదా అన్నది ఈ కూడికలు, తీసివేతల్లో దొరికిపోతుంది. ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టి కోడ్ చెక్ చేసుకున్నట్టే.

ఇంత బావుంటే మన హాస్టల్ బకెట్ పక్కన ఇది ఎందుకు లేదు? ఖరీదు. 1998లో జర్మనీలో డానియల్, అతని సహచరులు పాల విరుగుడు నీళ్ళు, ఆవజాతి రేప్‌సీడ్ నూనె వాడి, రెండు ఈస్ట్‌లతో రెండు దశల్లో లీటరుకి 422 గ్రాములు తీశారు. ద్రవంలో దాదాపు సగం సరుకే. సూక్ష్మజీవుల నుంచి వచ్చే సర్ఫాక్టెంట్లలో ఇంత దిగుబడి ఇచ్చేవి అరుదు. పోటీలో ఉన్న రామ్నోలిపిడ్ ఇచ్చే సూడోమోనాస్ ఎరుగినోసా మనుషులకి జబ్బు చేయగల బ్యాక్టీరియా, ఈ ఈస్ట్‌కి ఆ పేచీ లేదు. అయినా పెట్రోలియం సరుకు ధర ముందు ఇది నిలబడలేకపోతోంది. వారం రోజులు గాలి కొడుతూ, తిప్పుతూ ఉండాలి. సరుకు పేరుకునే కొద్దీ ద్రవం చిక్కబడి ఆక్సిజన్ అందదు. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు. అడుగుకి దిగిన సరుకుని ఎప్పటికప్పుడు తోడేస్తూ, ఈస్ట్‌ని మళ్ళీ లోపలికి పంపుతూ పని ఆపకుండా నడిపించారు.

గాలి ఖర్చు ఒకెత్తు, తిండి ఖర్చు ఒకెత్తు. మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి కొంటున్నాం. లీటరుకి 100 గ్రాముల చొప్పున ఆ నూనెని ఈస్ట్‌కి పోసి గిన్నెల సబ్బు చేద్దాం అంటే పల్లెలో మా నాన్నమ్మ కూడా ఒప్పుకోదు. అందుకే ఈ రంగంలో పరిశోధనంతా చవక తిండి చుట్టూ తిరుగుతోంది. గువాహటి ఐఐటీలో గ్లూకోజ్ బదులు చక్కెర మిల్లు మడ్డితో చేశారు. బెల్జియంలో వాడేసిన వేపుడు నూనెతో చేశారు. బజ్జీల బండి మూకుడులో నల్లబడ్డ నూనె గుర్తొచ్చిందా? 25 శాతం దాటి పాడైన నూనెని మళ్ళీ వంటకి వాడకూడదని 2018లో ఆహార భద్రతా సంస్థ రూలు పెట్టింది. కానీ అలాంటి నూనె ఏ రోజుది ఆ రోజు వేరుగా ఉంటుంది. ఈస్ట్‌కి తోక మారితే సరుకు మారుతుంది. అప్పుడు 688 ఒక్కటే కాదు, పక్కన బోలెడు గీతలు లేస్తాయి.

ఏ నూనైనా పరవాలేదని కూడా కాదు. ఈ ఈస్ట్‌కి 16, 18 కార్బన్ల తోకలే నచ్చుతాయి. కొబ్బరినూనెలో సుమారు సగం 12 కార్బన్ల లారిక్ యాసిడ్. అది పోస్తే తోకగా వాడుకోకుండా తినేస్తుంది. ఫ్యాక్టరీ సర్ఫాక్టెంట్లకి బంగారం లాంటి కొబ్బరినూనె ఈస్ట్‌కి ఉత్త తిండి అన్నమాట. అదే ఇప్పనూనె చూడండి. అందులో ఎక్కువ భాగం ఒలేయిక్, స్టియరిక్, పామిటిక్ యాసిడ్లు, అన్నీ 16, 18 కార్బన్లవే. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు ఇప్పపువ్వుతో పాటు గింజలూ ఏరి నూనె తీసుకుంటారు, కానీ బజారులో దానికి వేరుశనగ నూనెకున్న గిరాకీ లేదు. జపాన్‌లో అలైడ్ కార్బన్ సొల్యూషన్స్ అనే కంపెనీ మన దేశపు ఇప్పనూనెతో సోఫరోలిపిడ్ చేసి మార్కెట్లో పెట్టింది. గింజలు నిల్వ ఉంటే నూనెలో విడి ఫ్యాటీ యాసిడ్లు పెరుగుతాయి. బయోడీజిల్ చేసేవాళ్ళకి అది పెద్ద తలనొప్పి, క్షారం తగలగానే సబ్బు కట్టేస్తుంది. ఈస్ట్‌కి ఆ బెంగ లేదు. అది ఎలాగూ నూనెని విరగ్గొట్టుకున్నాకే లోపలికి తీసుకుంటుంది.